రాణిగారి లేసు

యార్క్‌షైర్ కొండల నడుమ ఒక రైతు పొలం, జూన్ మొదటి వారం, శుక్రవారం పొద్దున. ఒక పక్కకి ఒరిగి నిలబడిన, కారు వెనక కట్టి లాక్కెళ్ళే పాత కారవాన్‌లో మేవిస్, ఆమె సవతి కూతురు హేజల్.

“పళ్ళెం పట్టుకోండి మేవిస్, మళ్ళీ జారుతోంది.”

“పళ్ళెం పట్టుకునే ఉన్నాను. జారుతున్నది నేను. రాత్రంతా ఆ గోడకి అతుక్కుని పడుకున్నాను, వానకి తడిసిన సినిమా పోస్టర్‌లాగా.”

“కొంచెం ఒరిగింది, అంతే. బండి ఎడమవైపు కాలు మెత్తటి మట్టిలో దిగింది.”

“మీ నాన్న ఉండగా ఎప్పుడైనా ఒరిగిందా?”

“నాన్న దగ్గర ఒక చెక్కముక్క ఉండేది, కాలి కింద పెట్టడానికి.”

“ఏదీ ఆ చెక్కముక్క?”

“దొరకలేదు.”

“దొరకలేదట. ముప్ఫై ఏళ్ళు బడిలో పిల్లలకి కెమిస్ట్రీ చెప్పింది, చెక్కముక్క దొరకలేదట.”

“కెమిస్ట్రీలో చెక్కముక్కలు ఉండవు.”

“మరేముంటాయి? కంపు కొట్టేవేగా. ఆ వెనకాల మరుగుదొడ్డి బకెట్టులో పోసిన నీలం మందు నువ్వు చేసిందేనా?”

“అది కొన్నది. అది పోయకపోతే ఇంకా కంపు కొడుతుంది.”

“డెబ్బై తొమ్మిదేళ్ళు వచ్చాక బకెట్టు మీద కూర్చోబెట్టావు నన్ను. దీన్ని సెలవు అంటారు మీవైపు.”

“నేను కూర్చోబెట్టలేదు. ఈ చోటు నాన్న బుక్ చేశాడు.”

“జనవరిలో బుక్ చేశాడు, ఫిబ్రవరిలో పోయాడు. మాట ఇచ్చి తప్పించుకోవడం ఆయనకి కొత్తేం కాదులే. కిటికీకి పరదా వేయిస్తానన్నాడు, పదకొండేళ్ళయింది.”

“పరదా అవసరం ఏముంది? బయట గొర్రెలు తప్ప ఎవరున్నారు?”

“అదిగో ఆ పక్క కారవాన్‌ వాడున్నాడు. పొద్దున్నే మెడలో భూతద్దం వేలాడేసుకుని గడ్డిలో బోర్లా పడుకున్నాడు. పోయాడేమో అనుకున్నాను.”

“పెటిఫర్ గారు. పూలు చూస్తున్నాడు.”

“పూలు చూడ్డానికి బోర్లా పడుకోవాలా? ఉప్పు ఇటు తియ్యి. అయ్యో, పోయింది.”

“ఎందుకు భుజం మీంచి వెనక్కి విసురుతున్నారు? నా టీలో పడింది.”

“ఉప్పు ఒలికితే చిటికెడు ఎడమ భుజం మీంచి వెయ్యాలి.”

“వెయ్యకపోతే?”

“వెయ్యకపోతే ఏదో ఒకటవుతుంది.”

“అయిందిగా. నా టీ ఉప్పనయింది. మీరూ మీ మూఢనమ్మకాలూ. నిన్న దారిలో ఒంటి కాకి కనబడితే అపశకునమని కారు ఆపించి దానికి దండం పెట్టారు.”

“దండం కాదు. పలకరించాను.”

“మా పిల్లలు వింటే నవ్వుతారు.”

“నీకు పిల్లలు ఎక్కడున్నారు?”

“బడి పిల్లలు.”

“ఆ, బడి పిల్లలు. నవ్వనీ. వాళ్ళేమన్నా నన్ను రైలెక్కించడానికి వస్తున్నారా? ఆదివారం పదకొండున్నర. గుర్తుందిగా?”

“గుర్తుంది. స్టేషన్లో నేనే దింపుతానని చెప్పానుగా.”

“నువ్వు మర్చిపోవులే. తొందర నీకేగా.”

“నాకా? దక్షిణాన వర్దింగ్ వెళతానన్నది మీరు. మీ చెల్లెలు డాటీ దగ్గరే ఉండిపోతానన్నది మీరు. ఉత్తరం రాసింది కూడా మీరే.”

“నువ్వు వద్దన్నావా?”

“మీరు వెళతానంటే నేనెందుకు వద్దంటాను?”

“అదే నేనూ అంటున్నాను. నువ్వెందుకంటావు. మీ నాన్న పోయాడు, సోమవారం దీన్ని కొనుక్కున్న ఆ ప్లంబరు వచ్చి ఈ అగ్గిపెట్టెని కారుకి కట్టుకుని తీసుకుపోతాడు. ఇక నీకూ నాకూ మధ్య ఉన్నదేమిటి, క్రిస్మస్‌కి ఒక కార్డు.”

“డాటీ ఇంట్లో మీకు సుఖంగా ఉంటుంది. సముద్రం కనబడుతుంది.”

“డాటీ ఇంట్లోంచి కనబడేది బస్టాపు. అది మాట్లాడుతూనే ఉంటుంది, నిద్రలో కూడా. దాని పిల్లి నా ఒళ్ళోనే పడుకుంటుంది, నాకు దగ్గు.”

“మరెందుకు వెళుతున్నారు?”

“నీకు చెప్పాలా?”

“చెప్పక్కర్లేదు.”

“చెప్పను. ఆ కేకు మీద ఏమిటి పెట్టావు, చీజా? కేకు మీద చీజు పెట్టుకుని తినేవాళ్ళు ప్రపంచంలో మీవాళ్ళొక్కరే. నలభై ఎనిమిదేళ్ళుగా చూస్తున్నాను, ఇంకా కడుపులో తిప్పుతుంది.”

“అయితే ఆ ముక్క ఇటివ్వండి.”

“తింటున్నానుగా. ఉండనీ.”

అదే రోజు మధ్యాహ్నం, పూలు నిండిన గడ్డిచేలో, రాళ్ళు పరిచిన సన్నదారి మీద. ముందు హేజల్, వెనక మేవిస్.

“కాస్త మెల్లగా నడువు. పక్కన నడిస్తే నీ సొమ్మేం పోయింది?”

“బోర్డు చూడలేదా? ఒకరి వెనక ఒకరు నడవమని రాశారు. ఇది పశువుల మేత. తొక్కితే పాడైపోతుంది.”

“నలభై ఎనిమిదేళ్ళుగా నీ వీపే చూస్తున్నాను. ఇప్పుడు బోర్డు కూడా పెట్టారు.”

“ఏమన్నారు?”

“ఏమీ అనలేదు. ఈ పచ్చవేమిటి?”

“బటర్‌కప్‌లు.”

“అవి నాకూ తెలుసు. వాటి పక్కన, రంపప్పళ్ళ లాంటి అంచులున్న ఆకులతో.”

“గలగల. ఎండాక కాయలో గింజలు గలగలమంటాయి. అప్పుడు గడ్డి కొయ్యొచ్చని రైతుకి తెలుస్తుంది. అది తన తిండి తను సంపాదించుకోదు. పక్కన గడ్డి వేళ్ళలోకి వేళ్ళు దూర్చి పీలుస్తుంది.”

“ఓహో. ఒకరింట్లో చేరి, వాళ్ళ వేళ్ళు పీల్చుకుని బతుకుతుంది. నా గురించే చెబుతున్నావా?”

“పువ్వు గురించి చెబుతున్నాను.”

“మీ జెస్సీ అత్త ఆ మాటే అంది. మా పెళ్ళినాడే. కేకు కోస్తూ.”

“జెస్సీ అత్త అందరినీ ఏదో ఒకటి అనేది.”

“నన్ను ఎక్కువ అనేది. దక్షిణాది నుంచి ఊడిపడ్డ టైపిస్టు, ఏడాది తిరక్కుండా చనిపోయినదాని మంచమెక్కింది అని. నువ్వు ఆ బల్ల కింద కూర్చుని వింటున్నావు. నాకు నీ కాళ్ళు కనబడ్డాయి.”

“ఈ చేలో గలగల లేకపోతే గడ్డే నిండిపోతుంది. అది గడ్డిని అణిచిపెడితేనే మిగతా పూలన్నీ పూస్తాయి. ఆ సంగతి కూడా చెప్పేదాన్ని, మీరు చెప్పనిస్తేగా.”

“చెప్పు మరి.”

“చెప్పానుగా ఇప్పుడు.”

“ఊఁ. ఆ ఊదావి?”

“కొంగముక్కు.”

“ముక్కేదీ?”

“పూరేకులు రాలాక వస్తుంది.”

“అన్నీ రాలాకే వస్తాయి ఇక్కడ. ఇదేమిటి మళ్ళీ, గోడకి సందు? ఇందులోంచి దూరాలా?”

“గొర్రెలు దూరకుండా అలా కడతారు.”

“గొర్రెలు దూరనిదాంట్లో నేనెలా దూరతాను?”

“పక్కకి తిరగండి. ముందు ఒక కాలు. ఊపిరి బిగబట్టండి.”

“ఈ వయసులో బిగబడితే మళ్ళీ వదలను. లాగకు. లాగకన్నానా. కోటు చిరిగింది.”

“చిరగలేదు. గుండీ ఊడింది.”

“మీ నాన్న అయితే గోడ దాటి అవతలివైపు నుంచి చెయ్యి అందించేవాడు.”

“నాన్న అయితే ముందు అరగంట నవ్వేవాడు. అరే, నువ్వెక్కడి నుంచి వచ్చావురా? తడిసిపోయావు. ఎవరి కుక్కవి నువ్వు? ఇటురా, ఇటురా. ఏటిలో దూకావా నువ్వు?”

“చూశావా.”

“ఏమిటి?”

“ఇప్పుడే చూసిన కుక్క. దాని పేరు తెలీదు, ఊరు తెలీదు. దాన్ని నువ్వు అన్నావు.”

“కుక్కని మీరు అంటారా ఎవరైనా?”

“మీ యార్క్‌షైర్ వాళ్ళు కుక్కని నువ్వంటారు, గొర్రెని నువ్వంటారు, పాల వాణ్ణి నువ్వంటారు. మీ నాన్నని ఆస్పత్రి మంచం మీద చివరి రోజుదాకా నువ్వే అన్నావు. ఇంటికొచ్చిన నన్నొక్కదాన్నే మీరు. బ్యాంకులో గుమాస్తాని పిలిచినట్టు.”

“దక్షిణాదివాళ్ళని నువ్వంటే కోపమొస్తుందని నాన్నే చెప్పాడు. మీరు వచ్చిన మొదటిరోజు. నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి మరీ చెప్పాడు.”

“మొదటిరోజు చెప్పాడు. ఆ తర్వాత పదిహేడు వేల రోజులొచ్చాయి.”

“లెక్కపెట్టారా?”

“డాటీ పెట్టింది. దాని దగ్గర కాలిక్యులేటర్ ఉంది.”

“వెళ్ళు నువ్వు, వెళ్ళిపో, మీవాళ్ళు వెతుకుతుంటారు. కుక్కని అంటున్నాను, మిమ్మల్ని కాదు.”

“తెలుసు. నన్నయితే వెళ్ళండి అంటావు.”

“నడవండి మేవిస్. వానొచ్చేలా ఉంది.”

“ఉండు. ఇదిగో, చేను దాటి రోడ్డు మీదకొచ్చాం కదా, చూడు. దారి పొడుగునా తెల్లగా. ఇది మాత్రం నీకంటే నాకే బాగా తెలుసు. రాణిగారి లేసు. మావైపు పెళ్ళిళ్ళలో చర్చినిండా ఇదే పెడతారు. ఒక రెండు కొమ్మలు తుంచుకుంటాను.”

“ముట్టుకోకండి.”

“ఏం?”

“హెమ్లాక్ ఇలాగే ఉంటుంది. విషం.”

“దాని కాడ మీద ఊదా మచ్చలుంటాయి. దీనికేవీ? నేను పల్లెటూళ్ళో పెరిగాను తల్లీ, నీ కెమిస్ట్రీ పుస్తకంలో కాదు.”

“అయినా వద్దు. చిన్నచిన్న పురుగులుంటాయి. కారవాన్ అంతా పాకుతాయి.”

“విషం కాకపోతే పురుగులు. పురుగులు కాకపోతే?”

“ఒకరి పొలంలో పూలు కొయ్యకూడదు.”

“ఇది పొలం కాదు, రోడ్డు. నీకు ఈ పువ్వంటే గిట్టదు, అలా అను. నాకు తెలీదనుకున్నావా? నేను వచ్చిన మొదటి వసంతం. మే నెల. మీ ఇంట్లో నాదంటూ ఒక్కటే ఉంది, మా అమ్మ జగ్గు, నీలం చారలది. దాన్ని కడిగి, నీళ్ళు పోసి, దానినిండా ఈ పూలే పెట్టాను. ఆ ఇంట్లో ఏడాదిగా ఒక్క పువ్వు లేదు. వంటింటి బల్ల మీద పెట్టి, నువ్వు బడి నుంచి వస్తావు, చూస్తావు కదా అని కూర్చున్నాను.”

“మళ్ళీ మొదలుపెట్టారా.”

“నువ్వొచ్చావు. తొమ్మిదేళ్ళ పిల్లవి. ఇలా చూశావు, రెండు చేతులతో ఎత్తి—”

“జారిపోయింది.”

“జారిపోయిందట. బల్ల మీంచి, తలుపు దాటి, రెండు మెట్లు దిగి, పెరట్లో బొగ్గుల కొట్టుదాకా జారింది. కెమిస్ట్రీలో అలా జారతాయా వస్తువులు?”

“చిన్నపిల్లని, మేవిస్.”

“చిన్నపిల్లవే. ఏడవలేదు, క్షమించమనలేదు. నా మొహం వంక కూడా చూడలేదు. పెంకులు కాలితో బొగ్గుల కిందకి తోశావు. ఆరోజు అర్థమైంది నాకు, ఈ ఇంట్లో నా స్థానమేమిటో. మళ్ళీ ఆ ఇంట్లో పువ్వు పెట్టలేదు. చచ్చినా పెట్టలేదు.”

“కొత్త జగ్గు కొన్నాను కదా. నా మొదటి జీతంతో.”

“ఆకుపచ్చది. పోసిన పాలన్నీ బల్ల మీదే పోసేది.”

“అయినా ఉంచుకున్నారుగా.”

“గరిటెలు పెట్టుకోవడానికి. పద, చినుకులు పడుతున్నాయి.”

శనివారం సాయంకాలం నాలుగింటికి, కారవాన్ బయట మడతకుర్చీలో మేవిస్. హేజల్ కిందనున్న కొళాయి దగ్గరికి నీళ్ళ పీపాతో వెళ్ళింది. పక్క కారవాన్ పెటిఫర్ వచ్చాడు.

“నమస్తే, మేడమ్. ఎండ బాగా కాసింది ఇవాళ.”

“మనం అడగలేదు, అదే కాసింది. కూర్చోండి, నిలబడితే నా మీద నీడ పడుతోంది.”

“మొత్తం నూట పన్నెండు రకాలయ్యాయండి. నాలుగు రోజుల్లో నూట పన్నెండు రకాల పూలు. ఈ పుస్తకంలో గుర్తు పెట్టుకున్నాను.”

“నూట పదమూడోది నేనని వచ్చారా?”

“హహ, లేదండి. మీ అమ్మాయిగారు నిన్న కొంగముక్కు గురించి చెప్పారు. ఆవిడకి బాగా తెలుసు.”

“మా అమ్మాయి కాదు. మా ఆయన మొదటి భార్య కూతురు. తెలివైనదే. చెక్కముక్క మాత్రం దొరకదు. మీ చేతిలో ఏమిటవి? రాణిగారి లేసేనా?”

“ఇదా, పుస్తకంలో దీనికి బోలెడు పేర్లున్నాయండి. రాణిగారి లేసు అని దక్షిణాన అంటారు. అడవి కొత్తిమీర అని కొన్నిచోట్ల. మా లీడ్స్‌వైపు, ఈ కొండల్లో కూడా, పిల్లలు ఇంకో పేరు పెట్టారు. వింటే నవ్వుతారు. అమ్మచావు.”

“ఏమిటీ?”

“అమ్మచావు. ఈ పువ్వు తుంచి ఇంట్లోకి తీసుకొస్తే అమ్మ చచ్చిపోతుందని. ఎంత వెర్రి చూడండి. బడి ఆవరణలో పిల్లలు ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళం. పెద్దవాళ్ళకి చెప్పేవాళ్ళం కాదు. చెప్తే తంతారని కాదు, పైకి అంటే జరిగిపోతుందేమోనని.”

“పెద్దవాళ్ళకి చెప్పరు.”

“చెప్పరండి. నాకు అరవై ఎనిమిది. మా ఆవిడకి కూడా ఈ పుస్తకం చూశాకే చెప్పాను. చిన్నప్పుడు నేనొకసారి మర్చిపోయి చొక్కా జేబులో పెట్టుకుని గడప దాకా వచ్చాను. గుండె ఆగిపోయిందనుకోండి. వెనక్కి పరిగెత్తి ఏట్లో పారేశాను. చొక్కాతో సహా.”

“చొక్కాతో సహా.”

“చొక్కాతో సహా. అమ్మ చితకబాదింది. ఎందుకు పారేశావురా అని ఎంత అడిగినా చెప్పలేదు.”

“ఎవరమ్మ పోతుందని అంటారు? కచ్చితంగా చెప్పండి.”

“తెచ్చినవాళ్ళమ్మ. లేదా ఆ ఇంట్లో ఉన్న అమ్మ. ఊరికొక రకంగా చెప్పుకుంటారు.”

“ఇంట్లో ఉన్నది సవతితల్లి అయితే?”

“అలాంటి వివరాలు పుస్తకంలో లేవండి.”

“ఏం పుస్తకం అది, నూట పన్నెండు పూలున్నాయి గానీ పనికొచ్చేది ఒక్కటి లేదు. ఆ కొమ్మలు ఇటివ్వండి.”

“ఎండిపోతున్నాయండి ఇవి. మంచివి కోసి—”

“ఇవే కావాలి. ఇచ్చి, మీరు మీ కారవాన్‌కి వెళ్ళండి. మళ్ళీ గడ్డిలో పడుకోండి, హాయిగా. ఆ కిటికీలోంచి ఇటు మాత్రం చూడొద్దు.”

“నేనేమన్నా తప్పు మాట్లాడానా?”

“లేదు. నలభై ఎనిమిదేళ్ళు ఆలస్యంగా వచ్చారు, అంతే.”

కాసేపటికి, కారవాన్ మెట్టు దగ్గర. మేవిస్ కింద, చేతిలో పూలతో. హేజల్ గుమ్మంలో.

“టీ పెట్టాను. లోపలికి రండి. అవేమిటి చేతిలో?”

“చూస్తే తెలీడం లేదా? ఏదో ఒక గ్లాసో సీసానో ఇటివ్వు. ఆఖరి సాయంత్రం. బల్ల మీద పూలు పెట్టుకుని టీ తాగుతాను.”

“అవి బయటే ఉంచండి.”

“తప్పుకో.”

“అవి బయట ఉంచి రండి, తప్పుకుంటాను.”

“ఏం, హెమ్లాకా?”

“కాదు.”

“పురుగులా?”

“మేవిస్, టీ చల్లారిపోతోంది.”

“చల్లారనీ. రేపు పదకొండున్నరకి రైలెక్కుతున్నాను. రేపు సాయంత్రానికి నేను నీ కంటికి కనబడను. ఈ ఒక్క పూట బల్ల మీద నాలుగు కొమ్మలు పెట్టుకుంటే నీకేం నొప్పి? ఇది ఇల్లు కూడా కాదు. చక్రాలున్న అగ్గిపెట్టె.”

“తలుపుంది. కప్పుంది. మనం ఇందులో పడుకుంటున్నాం.”

“ఓహో. అయితే ఇల్లే. కెమిస్ట్రీ టీచరమ్మ తేల్చింది.”

“నవ్వండి. మీరు ఉప్పు వెనక్కి విసరచ్చు, కాకికి దండం పెట్టచ్చు, నేను మాత్రం—”

“నువ్వు మాత్రం?”

“ఏమీ లేదు.”

“ఆ పెటిఫర్ చెప్పాడు దీని పేరు. మీ బడి పిల్లల పేరు.”

“టీలో చక్కెర ఒక చెంచా చాలా?”

“మాట మార్చకు. మీ అమ్మ జబ్బుపడ్డ ఏడాది ఈ పూలు తెచ్చావా ఇంట్లోకి?”

“వదిలెయ్యండి.”

“తెచ్చావా?”

“ఎనిమిదేళ్ళు నాకు. చేతులనిండా తెచ్చాను. బాగున్నాయే అంది. తలగడ పక్కన పెట్టుకుంది. వాసన తెలీడం లేదు, దగ్గరికి తీసుకురా అంది.”

“తర్వాత?”

“తర్వాత పదకొండు రోజులు. బడిలో మ్యూరియల్ చెప్పింది, నువ్వే చంపావు, ఆ పువ్వు తెచ్చి. అందరూ తల ఊపారు. అందరికీ తెలుసు, నాకే తెలీదు.”

“ఓసి పిచ్చిమొహమా. మీ అమ్మకి రొమ్ములో కంతి. నీ పూలకి ముందే డాక్టరు చెప్పేశాడు. మీ నాన్నకి తెలుసు, ఊరందరికీ తెలుసు.”

“నాకూ తెలుసు. నాకు యాభై ఏడేళ్ళు, మేవిస్. కణం ఎలా పాడవుతుందో బోర్డు మీద బొమ్మగీసి చెప్పేదాన్ని. నాకు తెలీదా?”

“తెలిస్తే మరి తప్పుకో.”

“తప్పుకోను.”

“నా అమ్మ జగ్గు. నలభై ఎనిమిదేళ్ళు దాన్ని తలుచుకుని నిన్ను దెప్పాను. ఒక్కమాట చెప్పివుంటే నీ నోరు అరిగిపోయేదా?”

“ఏమని చెప్పను? పైకి అంటే—”

“పైకి అంటే ఏమవుతుంది? చెప్పు.”

“నాకు తెలీదు. టీ.”

“నీ టీ ఏట్లో పోసుకో. ఇటు చూడు. నా మొహం వంక చూసి చెప్పు. మీ అమ్మ పోయి నలభై తొమ్మిదేళ్ళయింది, పోయినావిడ మళ్ళీ పోదు. మరి ఆరోజు ఆ వంటింట్లో, ఇవాళ ఈ అగ్గిపెట్టెలో, ఈ పూలకి చావడానికి అమ్మ అనేది ఎవరున్నారే నీకు?”

“నువ్వున్నావుగా. అవి గోడ అవతల పారేసి లోపలికి రా.”